పంచాయతీకి కేంద్రం ఇచ్చిన డబ్బు ఎక్కడ ఆగింది? లెక్క తీసి, సభలో అడిగించడం ఎలా

"మా ఊరికి ఆర్థిక సంఘం డబ్బు వచ్చిందా? వస్తే ఏమైంది?" వార్డు సభ్యుల దగ్గర్నుంచి కొత్త సర్పంచుల దాకా మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఆర్థిక సంఘం అంటే కేంద్రం డబ్బులో రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత వెళ్లాలో అయిదేళ్లకోసారి సిఫారసు చేసే సంస్థ. పంచాయతీ ఆఫీసులో అడిగితే "పైనుంచి రాలేదు" అంటారు. పైన అడిగితే "ఎప్పుడో విడుదల చేశాం" అంటారు. రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే ఆ రెండు మాటల మధ్య రాష్ట్ర ఖజానా ఉంది.

మీరు తేల్చాల్సింది మూడు తేదీలు, వాటి పక్కన మూడు అంకెలు. కేంద్రం ఎప్పుడు, ఎంత విడుదల చేసింది? రాష్ట్రం పంచాయతీ ఖాతాలో ఎప్పుడు, ఎంత వేసింది? పంచాయతీ ఎప్పుడు, ఎంత ఖర్చు పెట్టింది? ఈ ఆరూ ఒక కాగితం మీదికి వస్తే ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ సభలో అడగడానికి పనికొచ్చే సరుకు తయారైనట్టే. అవి లేకుండా "నిధులు మళ్లించారు" అని వినతిపత్రం ఇస్తే దండ వేసి ఫొటో దిగి పంపిస్తారు.

ఇక్కడి షరతులు, శాతాలు 2021-26 కాలానికి పనిచేసిన 15వ ఆర్థిక సంఘానివి. పాత బకాయిలు, ఆడిట్ అభ్యంతరాలు అన్నీ ఇంకా ఆ కాలంవే. 2026-31 కాలం 16వ ఆర్థిక సంఘానిది. ఆ డబ్బుకు దాని నివేదికలోని షరతులు చూసుకోవాలి, లెక్క తీసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పంచాయతీ ఎల్‌జీడీ కోడ్. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం ఎంచుకుంటే దొరుకుతుంది. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉన్న జిల్లాల్లో ఇది లేకపోతే పక్క ఊరి లెక్క చూసి గొడవ పడతారు.
- నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్. ఈ-గ్రామ్‌స్వరాజ్ (పంచాయతీల జమ, ఖర్చులు ఉండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నివేదికలు చూడడానికి లాగిన్ అక్కర్లేదు.
- ఒక ఎక్సెల్ షీటు, లేదా గళ్ల నోటుబుక్కు.
- 30 మీటర్ల టేపు. ఎందుకో 5వ మెట్టులో తెలుస్తుంది.

తెలిసుండాల్సిన కనీస సిద్ధాంతం

గ్రామీణ స్థానిక సంస్థలకు అయిదేళ్లకు 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన మొత్తం 2,36,805 కోట్ల రూపాయలు. రాష్ట్రాల మధ్య 90 శాతం జనాభాను బట్టి, 10 శాతం విస్తీర్ణాన్ని బట్టి పంచారు. రాష్ట్రం లోపల గ్రామ పంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మండల పరిషత్తులకు 10 నుంచి 25 శాతం, జిల్లా పరిషత్తులకు 5 నుంచి 15 శాతం. ఆ హద్దుల్లో ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది.

వచ్చిన డబ్బులో 40 శాతం బేసిక్ గ్రాంటు. జీతాలకు, ఆఫీసు నిర్వహణకు తప్ప ఊరి అవసరం దేనికైనా వాడొచ్చు. మిగతా 60 శాతం టైడ్ గ్రాంటు: సగం తాగునీరు, వాన నీటి నిల్వ, వాడిన నీటి పునర్వినియోగానికి, సగం పారిశుద్ధ్యానికి. అంటే ఏడాదికి 10 లక్షలు వచ్చే పంచాయతీలో 4 లక్షలు బేసిక్, 3 లక్షలు నీళ్లు, 3 లక్షలు పారిశుద్ధ్యం. 2020-21 డబ్బు చూస్తుంటే మాత్రం టైడ్, బేసిక్ సగం సగం. అది వేరే మధ్యంతర నివేదిక కింద వచ్చింది. ఆ ఏడాదిని ఈ లెక్కలో కలపకండి.

1. మీ వాటా ఎంతో రాసుకోండి

రాష్ట్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి వాయిదాకూ (గ్రాంటు వచ్చే ప్రతి విడతకూ) ఉత్తర్వు ఇస్తుంది. దానికి అనుబంధంగా జిల్లాలవారీ, పంచాయతీలవారీ కేటాయింపు జాబితా ఉంటుంది. మీ ఎల్‌జీడీ కోడ్ పక్కన ఉన్న అంకె రాసుకోండి. జాబితా దొరక్కపోతే మండలంలో పంచాయతీల పని చూసే అధికారి (ఈఓపీఆర్డీ లేదా ఎంపీవో) దగ్గర, జిల్లాలో డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ఆఫీసులో ఉంటుంది.

కొత్త పంచాయతీల వాళ్లు గుర్తుంచుకోండి: 2018 తర్వాత తెలంగాణలో తండాలు, శివారు పల్లెలు చాలా వేరు పంచాయతీలయ్యాయి. విడిపోక ముందు వచ్చిన డబ్బు పాత తల్లి పంచాయతీ కోడ్ కిందే కనిపిస్తుంది. మున్సిపాలిటీలో కలిసిన ఊరైతే, కలిసిన తేదీ తర్వాత గ్రామీణ గ్రాంటు వెతకడమే దండగ, పట్టణ గ్రాంటులో చూడాలి.

2. కేంద్రం విడుదల చేసిన తేదీ పట్టుకోండి

గ్రామీణ గ్రాంటుకు పంచాయతీరాజ్, జలశక్తి శాఖలు సిఫారసు చేస్తాయి. డబ్బు వదిలేది ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం. కాబట్టి విడుదల ఉత్తర్వు వ్యయ విభాగం వెబ్‌సైట్‌లో వెతకండి. ఏటా రెండు వాయిదాలు, ఉద్దేశం ప్రకారం జూన్, అక్టోబరు నెలల్లో.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఉత్తర్వు తేదీ ఒక ఆర్థిక సంవత్సరంలో ఉంటుంది, డబ్బు అంతకు ముందు ఏడాది వాయిదాది అయి ఉంటుంది. 2022-23 రెండో వాయిదా 2023-24లో విడుదలైతే, దాన్ని 2023-24 డబ్బుగా లెక్కేసి "ఈ ఏడు మూడు వాయిదాలొచ్చాయి, పోయినేడు ఒకటి మింగేశారు" అంటారు. షీటులో రెండు గళ్లు విడిగా పెట్టండి: ఏ ఏడాది వాయిదా, ఏ తేదీన విడుదల.

వాయిదా అసలు రాకపోతే రాష్ట్రాన్నో పంచాయతీ సెక్రటరీనో తిట్టే ముందు ఈ మూడూ చూడండి.

- ఆ కాలంలో ఎన్నికైన పాలకవర్గం ఉందా? ఈ గ్రాంటు ఎన్నికైన సంస్థలకే. తెలంగాణ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్య కాలపు వాయిదా కనబడకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే.
- లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టారా? 2023-24 నుంచి ప్రతి సంస్థా ముందటి ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్కలు బహిరంగంగా ఉంచాలి. 2025-26 గ్రాంటు కావాలంటే 2024-25 తాత్కాలిక లెక్కలు, 2023-24 ఆడిట్ లెక్కలు ఉండాలన్నమాట. ఆడిట్ ఆన్‌లైన్ పోర్టల్‌లో మీ పంచాయతీ నివేదిక ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది.
- రాష్ట్ర ఆర్థిక సంఘం (రాష్ట్ర ఆదాయంలో స్థానిక సంస్థలకు ఎంత ఇవ్వాలో సిఫారసు చేసేది) సంగతేంటి? రాష్ట్రం దాన్ని వేసి, సిఫారసుల మీద ఏం చేసిందో చెప్పే వివరణ పత్రాన్ని 2024 మార్చిలోగా శాసనసభ ముందు పెట్టాలని, లేకపోతే ఆ తర్వాత గ్రాంటు ఉండదని షరతు. దీనికి మళ్లీ వస్తాం.

3. రాష్ట్రం ఎన్ని రోజులు ఉంచుకుందో లెక్కేయండి

కేంద్రం నుంచి డబ్బు అందాక 10 పని దినాల్లో స్థానిక సంస్థల ఖాతాల్లో వేయాలి. దాటితే, దాటిన రోజులకు వడ్డీ కలిపి ఇవ్వాలి. వడ్డీ రేటు అంతకు ముందు ఏడాది రాష్ట్రం మార్కెట్లో చేసిన అప్పుల మీద పడిన సగటు రేటు.

మీ పంచాయతీ బ్యాంకు స్టేట్‌మెంటులో జమ తేదీ చూడండి. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో రసీదు నమోదు చేసిన తేదీ, బ్యాంకులో పడిన తేదీ ఒకటి కానక్కర్లేదు. వడ్డీ లెక్కకు బ్యాంకు తేదీయే ప్రమాణం.

ఉదాహరణకు వాయిదా 5,00,000. 10 పని దినాలు పోగా ఇంకా 45 రోజులు ఆలస్యం. రేటు 7 శాతం అనుకుందాం.

5,00,000 × 7/100 × 45/365 = సుమారు 4,315 రూపాయలు.

ఒక ఊరికి ఇది రెండు ట్రాక్టర్ల మట్టి ఖర్చు. అలాంటివే 500 ఊళ్లున్న జిల్లాకు 21 లక్షలు దాటుతుంది. ఎమ్మెల్యేకి చెప్పేటప్పుడు రెండో అంకె చెప్పండి.

తేడా తేదీలో కాకుండా మొత్తంలోనే ఉంటే, అంటే ఉత్తర్వులో 5 లక్షలుండి ఖాతాలో 3,60,000 పడితే, మధ్యలో ఏదో సర్దుబాటు జరిగిందని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బకాయిల కింద ఈ డబ్బు పట్టుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. వీధి దీపాల బిల్లు కట్టడం తప్పా ఒప్పా అన్న వాదనలోకి దిగకండి. అడగాల్సింది ఒక్కటే: ఆ కోతకు పంచాయతీ తీర్మానం ఉందా, ఉంటే దాని నంబరు, తేదీ ఏమిటి?

4. ఖర్చు వోచర్లు చూడండి

ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని నివేదికల్లోకి వెళ్లండి. అకౌంటింగ్ నివేదికల్లో జమలు, చెల్లింపులు, క్యాష్‌బుక్ ఉంటాయి. ప్లానింగ్ నివేదికల్లో ఆ ఏడాది జీపీడీపీ, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఉంటుంది. రెండూ డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టండి.

చూడాల్సినవి:

- పథకం పేరు 15వ ఆర్థిక సంఘమేనా? సాధారణ నిధి, రాష్ట్ర ఆర్థిక సంఘం నిధి, ఉపాధి హామీ అన్నీ అదే పేజీలో వస్తాయి. వడపోయకుండా కూడితే లెక్క ఎన్నటికీ కుదరదు.
- టైడ్ వోచరు మీద సీసీ రోడ్డు ఉందా? టైడ్ డబ్బు రోడ్డుకు వాడకూడదు. అయితే నీళ్ల అవసరాలన్నీ పూర్తిగా తీరిపోయిన ఊరు ఆ వాటాను పారిశుద్ధ్యానికి, లేదా పారిశుద్ధ్యం వాటాను నీళ్లకు వాడుకోవచ్చు. దానికి గ్రామసభ ధ్రువీకరించాలి, పై అధికారి ఖరారు చేయాలి. ఆ కాగితం అడగండి.
- జీతాలు ఉన్నాయా? ఆర్థిక సంఘం డబ్బుతో జీతాలు ఇవ్వకూడదు. పారిశుద్ధ్య పనివాళ్ల చెల్లింపు కనిపిస్తే మాత్రం వెంటనే తప్పని తేల్చేయకండి. సేవల కింద చెల్లించామంటారు. ఏ ఉత్తర్వు ఆధారంగా ఇచ్చారో అడగండి. పొద్దున్నే కాలువలో దిగేవాళ్ల కూలి ఆపించడం మీ పని కాదు.
- వోచరు తేదీ ప్రణాళిక ఆమోదానికి ముందుందా? ఉంటే పని మొదట చేసి, ప్రణాళికలోకి తర్వాత ఎక్కించినట్టు.
- చెల్లింపు విఫలమై తిరిగొచ్చిన వోచర్లు. పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం నడిపే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా పంపిన డబ్బు ఖాతా నంబరు తప్పైతే వెనక్కొస్తుంది, అదే బిల్లుకు మళ్లీ వోచరు పుడుతుంది. రెండుసార్లు చెల్లించారని గోల చేసే ముందు బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి.

ప్రతి చెల్లింపుకూ ఇద్దరి డిజిటల్ సంతకాలుంటాయి, ఒకరు మేకర్ (వోచరు తయారుచేసేవారు), ఒకరు చెకర్ (దాన్ని ఆమోదించేవారు). ఆ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి కీలో ఉంటుంది. "నా సంతకం కీ సెక్రటరీ దగ్గరే ఉంటుందండీ" అని సర్పంచి అంటే, అన్ని వోచర్లూ ఇంకా జాగ్రత్తగా చూడాల్సిందే. కీ ఎవరి బీరువాలో ఉన్నా బాధ్యత ఎవరి పేరుతో ఉందో వారిదే. సర్పంచిగా ఇది చదువుతున్నవాళ్లు ఈరోజే వెళ్లి కీ తెచ్చుకోండి, పాస్‌వర్డ్ మార్చుకోండి.

5. టేపు పట్టుకుని వెళ్లండి

పోర్టల్‌లో "పని పూర్తయింది" అని ఉండడం నేల మీద పని ఉన్నట్టు కాదు. రెండు మూడు పెద్ద వోచర్లు ఎంచుకోండి. వాటి ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకలు తీసుకోండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి రాసిన పొడవు, వెడల్పు, లోతు అందులో ఉంటాయి.

మురుగు కాలువైతే సులువు. పొడవు టేపుతో కొలవండి. వెడల్పు, లోతు మూడు చోట్ల కొలవండి: మొదట్లో, మధ్యలో, చివర్లో. చివర్లోనే లోతు తగ్గుతుంది. పైపులైను భూమిలో ఉంటుంది కాబట్టి వాల్వు గుంతలు, ఇంటి కనెక్షన్లు లెక్కపెట్టండి. 300 మీటర్ల లైనుకు 6 మీటర్ల పైపులు 50 పట్టాలి, సరఫరా బిల్లులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఎం-బుక్ తేదీ చెల్లింపు తేదీ కంటే ముందుదై ఉండాలి. ముందు డబ్బు, తర్వాత కొలత అయితే అది ఒక్కటే ఆడిట్ అభ్యంతరానికి చాలు.

అదే వీధి, అదే కాలువ ఉపాధి హామీ పనుల జాబితాలో ఉందేమో కూడా వెతకండి. ఒకే పనికి రెండు పద్దుల్లో బిల్లు ఎక్కే చోటు ఇది.

6. దొరకని కాగితాలకు ఆర్టీఐ వేయండి

మన రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

"నిధుల వివరాలు ఇవ్వండి" అని రాయకండి, "విస్తృత సమాచారం" అని తిప్పికొడతారు. కాగితం పేరుతో అడగండి:

"2023-24 మొదటి, రెండో వాయిదాలకు సంబంధించి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి పంపిన గ్రాంట్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ల నకళ్లు."

ఈ ఒక్క సర్టిఫికెట్ పది కాగితాల పెట్టు. కేంద్రం డబ్బు ఏ తేదీన అందింది, కింది సంస్థలకు ఏ తేదీన పంపారు, ఆలస్యమైతే వడ్డీ ఎంత అన్నది రాష్ట్రం తానే సంతకం పెట్టి చెప్పేది ఇందులోనే. దానిలో తేదీకీ మీ బ్యాంకు తేదీకీ నెల తేడా ఉంటే, సభలో అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

7. ఎవరితో ఏం అడిగించాలి

పార్లమెంటులో మీ ఊరి కాలువ గురించి అడిగితే నోటీసు తిరస్కరిస్తారు, అది రాష్ట్ర విషయం. విడుదల, షరతులు, సర్టిఫికెట్లు, వడ్డీ మాత్రం కేంద్రం సంగతి. రాష్ట్రం ఆలస్యం, కోతలు, పంచాయతీల మధ్య పంపకం శాసనసభలో అడగాలి.

ముందు సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో పాత జవాబులు వెతకండి. పంచాయతీరాజ్ శాఖ ఎంచుకుని "ఫైనాన్స్ కమిషన్" అని కొడితే రాష్ట్రాలవారీ పట్టికలతో జవాబులు వస్తాయి. సగం సార్లు మీకు కావాల్సిన అంకె అందులోనే ఉంటుంది, ఎంపీ గడప తొక్కక్కర్లేదు.

లేకపోతే ప్రశ్న మీరే రాసి ఇవ్వండి. ఎంపీ పీఏకి కావాల్సింది సిద్ధంగా ఉన్న వాక్యాలు. లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు మించకూడదు, ఆరోపణ, వాదన, వ్యంగ్యం ఉండకూడదు. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నమూనా:

పంచాయతీరాజ్ శాఖ మంత్రి తెలియజేస్తారా:
(అ) 2023-24, 2024-25 సంవత్సరాలకు రాష్ట్రంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం గ్రాంటు కింద కేటాయించిన, విడుదల చేసిన మొత్తాలు, వాయిదాలవారీగా తేదీలతో;
(ఆ) గ్రాంట్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ల ప్రకారం ఒక్కో వాయిదాను రాష్ట్రం స్థానిక సంస్థలకు బదిలీ చేసిన తేదీలు;
(ఇ) 10 పని దినాలు దాటిన సందర్భాల్లో వడ్డీ చెల్లించారా, చెల్లిస్తే ఎంత;
(ఈ) చెల్లించకపోతే ప్రభుత్వం తీసుకున్న చర్యలు ఏమిటి?

స్టార్ ప్రశ్న మీద మోజు పడకండి. దానికి మంత్రి నోటితో చెబుతారు, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, టీవీలో వస్తుంది. కానీ లోక్‌సభలో రోజుకు 20 మాత్రమే జాబితాలోకి వస్తాయి, వాటిలో సభలో నోటితో జవాబు వచ్చేవి ఇంకా తక్కువ. స్టార్ లేనివి రోజుకు 230, జవాబు రాతలో, పట్టికతో వస్తుంది. మీకు కావాల్సింది పట్టికే.

శాసనసభ వైపు ఇంకో దారి ఉంది, ఎవరూ వాడరు. రాజ్యాంగం 243-ఐ ప్రకారం రాష్ట్ర ఆర్థిక సంఘం ప్రతి సిఫారసు మీద తీసుకున్న చర్యతో కూడిన వివరణ పత్రాన్ని గవర్నరు శాసనసభ ముందు ఉంచాలి. "ఆ పత్రం ఏ తేదీన సభలో ఉంచారు? ఆమోదించని సిఫారసులు ఏవి, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న వేయించండి. పంచాయతీల మధ్య పంపకం సూత్రం అక్కడే బయటపడుతుంది. ఎమ్మెల్యే ముందుకు రాకపోతే స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ దగ్గరికి వెళ్లండి. ఆయన ఓటర్లు ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు. వాళ్లలో నలుగురిని వెంటబెట్టుకుని వెళితే కుర్చీలేసి మాట్లాడతారు.

8. జవాబు వచ్చాక ఎలా చదవాలి

- "విడుదల" అన్న అంకెలో మండల, జిల్లా పరిషత్తుల వాటాలు కూడా కలిసి ఉంటాయి. దాన్ని పంచాయతీల సంఖ్యతో భాగించి "ఊరికి ఇంత రావాలి" అనకండి.
- "వినియోగం" అంటే కొన్నిసార్లు రాష్ట్రం కింది ఖాతాలకు బదిలీ చేసింది మాత్రమే. పట్టిక కింద చిన్న అక్షరాల్లో గమనిక ఉంటుంది, మొదట అది చదవండి.
- పట్టిక ఏ తేదీ వరకు అన్నది చూడండి. మార్చిలో ఇచ్చిన జవాబులో డిసెంబరు అంకెలు ఉండడం మామూలే.
- "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అంటే చేతులు దులుపుకోవడం అనుకుని వదిలేయకండి. అది సభకు ఇచ్చిన హామీ కింద నమోదవుతుంది, 3 నెలల్లో నెరవేర్చాలి. హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది. 3 నెలలు దాటాక ప్రశ్న నంబరు, తేదీ వేసి మీ ఎంపీకి గుర్తు చేయండి.

జవాబులోని బదిలీ తేదీ, సర్టిఫికెట్‌లోని తేదీ, మీ బ్యాంకు తేదీ మూడూ ఒకటే అయితే పైన తప్పు లేదు. అప్పుడు చూడాల్సింది 4, 5 మెట్లు, అడగాల్సింది గ్రామసభలో. మూడూ వేరైతే మూడు నకళ్లూ జతచేసి రాష్ట్ర ఆడిట్ శాఖకు, రాష్ట్రంలోని కాగ్ ఆఫీసుకు ఒక్కో ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒక ప్రతి గ్రామసభలో చదివి, మినిట్స్‌లోకి ఎక్కించండి. మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసుకున్నాకే ఇంటికి వెళ్లండి.